మూడో చెంచా

"తాగవా?"

"వద్దు."

"నిన్నా వద్దు, మొన్నా వద్దు. నేను పెట్టిన టీ నీకేం అన్యాయం చేసిందయ్యా?"

మేస్త్రి గ్లాసును ఒక్క వేలితో బల్ల మీద కాస్త అవతలికి జరిపాడు.

ఆ జరపడాన్ని పోలీసమ్మ చూసింది. ఆమె కంట పడకుండా ఆ ఇంట్లో చెంచా కూడా కదలదు. వీధిలోవాళ్ళు ఆమెకు ఆ పేరు ఊరికే పెట్టలేదు. మొగుడు తాగే రోజుల్లో గేటు దగ్గరే నిలబెట్టి, "ఊదు" అని, మూతి వాసన చూసిగాని లోపలికి రానిచ్చేది కాదు. ఒకసారి ఎవరితోనో మేస్త్రే నవ్వుతూ "మా ఇంట్లో పోలీసు చెక్‌పోస్టు ఉందిలే" అన్నాడు. ఇక ఆ పేరు అతుక్కుపోయింది. కుట్టు మిషను మీద జిప్పులు మార్చడానికీ, బొత్తాలు కుట్టడానికీ బట్టలు తెచ్చేవాళ్ళు కూడా "పోలీసమ్మగారున్నారా?" అనే అడుగుతారు.

ఆమె కష్టం ఆమెది. మేస్త్రి చేసేది పాలిష్ పని. స్పిరిట్‌లో లక్క కరిగించి, గుడ్డముద్దతో బీరువాలూ బల్లలూ అద్దంలా మెరిసేదాకా రుద్దుతాడు. ఒంటి నిండా స్పిరిట్ కంపే. అందులో పని వాసన ఏదో, తాగుడు వాసన ఏదో విడదీసుకోవడంలోనే పాపం ఆవిడ సగం కాపురం గడిచిపోయింది. అతను తాగుడు మానేసి చాలా కాలమైంది. ముక్కు మాత్రం ఉద్యోగం మానలేదు.

"మీ వర్క్‌షాపు పక్క టైలరు చెప్పాడు," అంది మిషను మీది గుడ్డ సర్దుతూ, అతని వైపు చూడకుండా. "నిన్న మధ్యాహ్నం వర్క్‌షాపులో నీ మొహం ఎర్రగా కందిపోయిందట. గుండె పట్టుకుని స్టూలు మీద కూలబడ్డావట."

"స్పిరిట్ డబ్బా మూత తీశాను. ఎప్పుడూ అయ్యేదేగా."

"ఎప్పుడూ అయ్యేదే. టీ వద్దనడం కూడా ఒకప్పుడు ఎప్పుడూ అయ్యేదే."

"అంటే?"

"అంటే ఏముంది? రాత్రి తాగింది దిగక, పొద్దున్న టీ చూస్తే కడుపులో తిప్పేది నీకు. అప్పుడూ ఇలాగే గ్లాసు జరిపేవాడివి. ఇలాగే, వేలితో."

"నేను తాగలేదు."

"నేనన్నానా?"

"అనలేదు. అనేంత దూరం వచ్చి ఆగావు."

వంటింట్లో గిన్నె చప్పుడయింది. "పొద్దున్నే మొదలెట్టారా!" అని లోపల్నుంచి పాప గొంతు.

పాప అంటే ఎత్తుకుని ఆడించే పాప అనుకునేరు. మెయిన్‌రోడ్డు మీద మెడికల్ షాపులో కౌంటరు దగ్గర నిలబడి, డాక్టర్ల కోడిగీతలు చదివి మందులిచ్చే పిల్ల. ఇంటికొచ్చేసరికి మళ్ళీ పాపే. ఇంట్లో పెద్ద మాట ఏదొచ్చినా "నువ్వు లోపలికెళ్ళమ్మా" అంటారు. ఆ పిల్లా ఎదురు చెప్పకుండా వెళ్తుంది. తండ్రి వర్క్‌షాపు ఆమె షాపుకి వెళ్ళే దారిలోనే ఉంది గనక, తనే టీ కాచి ఫ్లాస్కులో పోసి రోజూ అక్కడ దించి వెళ్ళడం ఆమె వంతు. ఈ నాలుగు రోజులూ మేస్త్రి గొంతు తడిసిందంటే ఆ ఫ్లాస్కు పుణ్యమే.

పోలీసమ్మ లేచి మొగుడి ఎదురుగా వచ్చి నిలబడింది. గొంతు తగ్గించింది. ఆమె గొంతు తగ్గిస్తే ఎక్కువ భయపడాలి.

"ఊదు."

మేస్త్రి తలెత్తాడు. ఆ మాట విని ఎంత కాలమైందో! గేటు దగ్గర, వాన చినుకుల్లో, పక్కింటివాళ్ళు కిటికీలోంచి చూస్తుండగా ఊదిన ఊపిరంతా గుర్తొచ్చి ఒళ్ళు మండింది. కాని అరవలేదు. గ్లాసు తీసుకుని ఆమె ముందుకు జరిపాడు.

"ముందు ఈ టీ నువ్వు తాగు. తర్వాత ఊదుతాను."

ఆమెకు అర్థం కాలేదు. అతని కళ్ళు చూశాక కొంచెం కొంచెంగా అర్థం కాసాగింది.

పోయిన గురువారం దాకా మేస్త్రికి ఆ గ్లాసు మీద ఏ అనుమానమూ లేదు.

గురువారాలు అతను ఇస్త్రీ చొక్కా వేసుకుని ఆసుపత్రికి వెళ్తాడు. వైద్యానికి కాదు, పరిశోధనకి. తాగుడు మానడం, మనసు నలిగిపోవడం, ఈ రెండూ అనుభవించినవాళ్ళూ డాక్టర్లూ ఒకే బల్ల చుట్టూ కూర్చుని చేసే పరిశోధన. మొదటి రోజు మేస్త్రి "మా మీద పరిశోధనా అండీ?" అని అడిగితే, డాక్టరమ్మ "మీ మీద కాదు మేస్త్రిగారూ, మీతో" అంది. ఆ "గారూ"కే అతను సగం పడిపోయాడు.

అక్కడ అందరివీ ఒకే రకం కుర్చీలు. ఏ ప్రశ్న అడగాలో, ఏది అడగకూడదో అందరూ కలిసి ఓటేసి తేలుస్తారు. ఒకసారి మేస్త్రి పట్టుబట్టిన ప్రశ్న ఓటింగులో ఓడిపోయింది. ఓడిపోయి మహా సంతోషంగా ఇంటికొచ్చాడు. అతని మాట కాదనడానికి ముందు డాక్టర్లు అతనితో అరగంట వాదించారు మరి! అతనితో ఎవరైనా అంతసేపు వాదించి ఎన్నేళ్ళయిందని? తాగుబోతుతో ఎవరూ వాదించరు. తిడతారు, లేదా సరే సరే అంటారు.

ఆ బల్ల దగ్గర ఒక పద్ధతి ఉంది. సేకరించిన మాటలు పైకి చదువుతారు. చదివాక, అనుభవించినవాళ్ళు ముందు మాట్లాడాలి. డాక్టర్లది ఆఖరి వంతు. మధ్యలో ఎవరూ అడ్డు రాకూడదు.

మొట్టమొదట తన వంతు వచ్చినప్పుడు మేస్త్రి ఛాతీ విరుచుకుని చెప్పాడు. "నా అంతట నేనే మానేశానండీ. విందులో గుండె పట్టేసి పడిపోయాను. లేచాక ఇక ముట్టుకోలేదు. ఇప్పుడు స్పిరిట్ వాసన తగిలితేనే నా ఒళ్ళు తిరగబడుతుంది. మనసు అంత గట్టిపడిపోయింది." అందరూ చప్పట్లు కొట్టారు. ఆ మాట మీద ఇంకా లోతుగా చూద్దామని డాక్టరమ్మ కూడా ఉత్సాహపడింది.

పోయిన గురువారం ఇంటివాళ్ళ మాటల వంతు. ఒక అమ్మాయి ఎన్నో ఇళ్ళ ఆడవాళ్ళతో మాట్లాడి రికార్డు చేసుకొచ్చింది. పేర్లు తీసేసింది, వీధులు తీసేసింది, మొగుళ్ళ వృత్తులు తీసేసింది. చాలా జాగ్రత్తగా చేసింది పాపం. చదవడం మొదలెట్టింది.

"గేటు గొళ్ళెం పడే చప్పుడు వింటే చాలు, ఎంత తాగొచ్చాడో చెప్పేసేదాన్ని..."

మేస్త్రి ముందుకు వంగాడు. ఈ మాట ఎక్కడో విన్నాను అనుకున్నాడు.

"మాన్పించే మాత్రలున్నాయని ఎవరో చెబితే తెచ్చాను. పొడిచేసి టీలో కలిపేదాన్ని. ఆయనకి రెండు చెంచాల పంచదార. మూడోది నేను వేసేదాన్ని, రుచి తేడా తెలియకుండా. ఓ విందులో ఒక్క గ్లాసు తాగి పడిపోయాడు. అందరూ గుండె అన్నారు. నేను నోరు మెదపలేదు. ఆ దెబ్బతో మానేశాడు. తనంతట తనే మానేశానని అందరికీ చెప్పుకుంటాడు. చెప్పుకోనీలే అని ఊరుకున్నాను. ఇప్పటికీ కలుపుతూనే ఉన్నాను. నమ్మకం లేక."

పేరు తీసేశారు గాని, గొళ్ళెం వదిలేశారు. ఆ గొళ్ళెం బిగించిందీ, వంగిపోతే సరిచేసిందీ మేస్త్రే. భార్య మాటలున్న కాగితాల ఎదుట మొగుణ్ణి కూర్చోబెడుతున్నామని అంతమంది చదువుకున్నవాళ్ళలో ఒక్కరికీ తోచలేదు. మేస్త్రికీ తోచలేదు. అందరూ కలిసే చేసిన పొరపాటు అది.

వంతులు మొదలయ్యాయి. పక్క కుర్చీలో బస్సు కండక్టరు పకపకా నవ్వాడు. అతనూ తాగుడు మానినవాడే. "ఆ మొగుడెవరో గాని ఎంత వెర్రిబాగులవాడండీ! ఇప్పటికీ తనేదో పొడిచేశాననుకుంటూ తిరుగుతుంటాడు!"

"మేస్త్రిగారూ, మీ వంతు."

మేస్త్రి చేతులు బల్ల అంచు కింద ఉన్నాయి. అక్కడ ఎవడో పాలిష్ పెట్టకుండా వదిలేశాడు. చెక్క గరుగ్గా తగిలింది.

"నాకేం తోచడం లేదండి," అన్నాడు.

ఆఖర్న డాక్టరమ్మ చెప్పింది. చెప్పకుండా ఈ మాత్ర పెట్టడం ప్రాణం మీదికి తెస్తుందట. ఆపేశాక కూడా రెండు వారాల దాకా ఒంట్లో ఉండొచ్చట. "ఇది ఒంట్లో ఉంటే తాగనక్కర్లేదు కూడా. కొందరికి పక్కన స్పిరిట్ మూత తీసినా మొహం కంది, గుండె దడదడ..."

డాక్టరమ్మ అక్కడ ఆగిపోయింది. ఆగి, మేస్త్రి వైపు చూసింది. అతను తల దించుకున్నాడు.

అప్పట్నుంచి ఇంట్లో టీ ముట్టుకోలేదు.

"తాగు," అన్నాడు మళ్ళీ.

పోలీసమ్మ గ్లాసు ఎత్తింది. ఆపకుండా తాగింది. ఖాళీ గ్లాసు బోర్లించి బల్ల మీద పెట్టింది.

"చాలా?"

"పంచదార ఎన్ని చెంచాలు?"

ఆమె చేయి వెనక్కి వెళ్ళి మిషను చక్రాన్ని పట్టుకుంది.

"ఎవరు చెప్పారు నీకు?"

"ఎన్ని చెంచాలే?"

"ఎవరు చెప్పారంటే! పేరు బయటికి రాదన్నారు. ఆ పిల్ల నా చేయి పట్టుకుని చెప్పింది, నీడక్కూడా తెలీదమ్మా అని. ఎన్నేళ్ళనుంచో కడుపులో పెట్టుకున్నది, మంచిగా అడిగింది గదా అని కక్కేశాను. తీసుకెళ్ళి నీ చేతిలో పెట్టారా?"

"నా చేతిలో పెట్టలేదు. చదివారు. అందరి ముందూ."

"అందరి ముందూనా?"

"నీదని వాళ్ళకి తెలీదు. నాకు తెలిసింది."

వంటింట్లో చప్పుడు ఆగిపోయింది.

"ఒక్కటి చెప్పు," అన్నాడు మేస్త్రి. గొంతులో కోపం కంటే ఏడుపు ఎక్కువ ఉంది. "నేను మానేశానా? నువ్వు మాన్పించావా?"

"ఏదైతేనేం? మానావు కదా."

"ఏదైతేనేమా! ప్రతి గురువారం ఆ బల్ల దగ్గర కూర్చుని నేను చెప్పుకునేది అదొక్కటే కదే. అది తప్ప నాకింకేం ఉంది? అక్కడ పెద్ద పెద్ద డాక్టర్లు నన్నడక్కుండా ఒక్క ప్రశ్న కూడా ఖాయం చెయ్యరు. నా ఇంట్లో నన్నడక్కుండా నా గ్లాసులో మందు కలిపారు."

"అడిగితే తాగేవాడివా?"

"చచ్చిపోయుంటే?"

"తాగి తాగి చచ్చిపోవడం లేదా అప్పుడు? ఏ గొళ్ళెం చప్పుడు ఆఖరిదవుతుందోనని కూర్చున్నదాన్ని నేను. నువ్వు కాదు." ఆమె కళ్ళు తుడుచుకుంది. విసురుగా, ఎవరో తప్పు చేసి ఏడిపించినట్టు. "ఆసుపత్రిలో నీ మంచం పక్కన కూర్చున్నప్పుడు నాకు తెలుసు, ఎవరు పడగొట్టారో. ఆ రాత్రి నేనేమైపోయానో నీకు తెలుసా? అది కూడా చదివారా అక్కడ?"

ఆ రాత్రి సంగతి అక్కడ ఎవరూ చదవలేదు.

"ఆపేశాను," అంది ఆమె. "ఆ పిల్లతో చెప్పిన మర్నాడే ఆపేశాను. నోటితో పైకి అన్నాక ఇక చెయ్యి రాలేదు. నెలలు గడిచిపోయాయి. ఇవాళ్టి టీలో పంచదార రెండు చెంచాలే."

"నమ్మమంటావా?"

"నమ్మకపోతే ఏం చేస్తావు? గేటు దగ్గర నిలబెట్టి మూతి వాసన చూస్తావా?"

ఇంకో రోజైతే మేస్త్రి నవ్వేవాడు. ఇవాళ నవ్వలేదు.

"నెలల క్రితం ఆపేస్తే నిన్న నా మొహం ఎందుకు కందింది? ఆ మాత్ర రెండు వారాలకి మించి ఉండదని డాక్టరమ్మ చెప్పింది. ఉత్తి స్పిరిట్ వాసనకి కందాలంటే మాత్ర లోపల ఉండాలి. చెప్పు మరి."

"నాకేం తెలుసు?"

"నీకు కాకపోతే ఇంకెవరికి తెలుసు?"

"అబద్ధం ఆడుతున్నాననేగా!" ఆమెకు రోషం వచ్చింది. తప్పు ఒప్పుకున్నాక కూడా నమ్మకపోతే ఎవరికైనా వస్తుంది. వంగి, మిషను కింది బొత్తాల డబ్బా లాగింది. "ఆపేసిన రోజు మిగిలిన మాత్రలన్నీ ఇందులో అడుగున పడేశాను. పారేస్తే కుక్కో పిల్లో తింటుందని భయమేసి. చూసుకో, ఎన్ని ఉన్నాయో నీ కళ్ళతోనే చూసుకో!"

మూత తీసి బల్ల మీద బోర్లించింది. బొత్తాలు గలగలా దొర్లాయి. నల్లవి, తెల్లవి, కోటు బొత్తాలు, స్కూలు చొక్కాలవి. కొన్ని కింద పడి మంచం కిందికి పోయాయి. ఆమె డబ్బా అడుగున తట్టింది. వేళ్ళతో బొత్తాలన్నీ చెదిరేసింది.

మాత్రలు లేవు.

మేస్త్రి ఆమె మొహం చూశాడు. ఇన్నేళ్ళుగా ఆమె అతన్ని ఎలా చూసేదో అచ్చం అలాగే చూశాడు. ఎక్కడ అతుకు కనిపిస్తుందా అని. ఆ మొహంలో నటన లేదు. నిజంగానే ఆమెకేమీ తెలియడం లేదు.

"ఇక్కడే పెట్టాను," అంది ఆమె, తనలో తాను. "నా చేత్తోనే పెట్టాను."

"నాన్నా, ఇవాళ నాకు అర్జెంటుగా వెళ్ళాలి. ఫ్లాస్కు నువ్వే పట్టుకెళ్తావా?"

పాప వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. భుజాన సంచి, చేతిలో ఫ్లాస్కు. బల్ల మీది బొత్తాలు చూసింది. చూసి, చూడనట్టు కళ్ళు తిప్పుకుంది.

ఎంత పోలీసమ్మైనా, ఆ ఇంట్లో ఒక్క మనిషి కళ్ళను మాత్రం ఆమె ఎప్పుడూ సోదా చెయ్యలేదు. ఇప్పుడు చేసింది.

"పాపా," అంది మెల్లగా. "ఈ డబ్బా ముట్టుకున్నావా?"

"నాకెందుకు బొత్తాలు?"

"బొత్తాల గురించి అడగలేదు."

"నువ్వు ఊరుకో," అన్నాడు మేస్త్రి భార్యతో. లేచి కూతురి చేతిలోంచి ఫ్లాస్కు అందుకున్నాడు. మూత తిప్పి, గ్లాసులో పోశాడు. పొగలు కక్కుతూ టీ. "నా బిడ్డని కూడా అనుమానించే బతుకు నాకొద్దు. ఒకరిని అనుమానించి ఒకరం ఇక్కడిదాకా వచ్చాం, చాలు. ఇది నా కూతురు పోసిన టీ. నేను తాగుతాను."

గ్లాసు పైకెత్తాడు. పెదవులకి తగిలింది.

పాప చేయి వచ్చి అతని మణికట్టు పట్టుకుంది. టీ తొణికి ఇద్దరి వేళ్ళూ కాలాయి. ఎవరూ చేయి వదల్లేదు.

"వద్దు నాన్నా."

బయట వీధిలో ఎవరో గేటు వేసి వెళ్ళారు. మేస్త్రి గ్లాసు దించాడు. కోపం రావలసిన చోట కోపం రాలేదు.

"ఎప్పట్నుంచి?"

"అమ్మ ఆపేసినప్పట్నుంచి." పాప తల్లి వైపు చూడలేదు. "డబ్బాలో పడేస్తుంటే చూశాను. నువ్వు మళ్ళీ మొదలెడతావేమోనని భయమేసింది. నువ్వు పడిపోయిన రోజు నన్ను పక్కింట్లో వదిలేసి వెళ్ళారు. నాన్న ఉన్నాడో పోయాడో తెల్లారేదాకా ఎవరూ చెప్పలేదు. అలాంటి రాత్రి ఇంకొకటి నావల్ల కాదు. డబ్బాలోవి అయిపోయాక షాపులోంచి తెచ్చాను."

"తల్లీ, మందులిచ్చే పిల్లవి. ప్రమాదమని నీకు తెలీదా?" అన్నాడు మేస్త్రి.

"తెలుసు. తెలిసే వేశాను."

ఆ మాట పాప ఎక్కడ నేర్చుకుందో పోలీసమ్మకు తెలుసు. తన దగ్గరే.

మేస్త్రి గోడ పక్కనున్న కుర్చీ లాగి బల్ల దగ్గర వేశాడు. ఆ కుర్చీ మీద ఎప్పుడూ కుట్టాల్సిన బట్టలుంటాయి. బట్టలు తీసి మంచం మీద పెట్టాడు.

"కూర్చో. ఇక్కడ ఎవరి మాట వాళ్ళు చెప్పాలి. మధ్యలో ఎవరం అడ్డు రాం. ముందు వంతు నీది."

పాప కూర్చోలేదు. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి గాని గొంతు గట్టిగానే ఉంది.

"ఆసుపత్రివాళ్ళు నీకు కుర్చీ వేశారు నాన్నా. అమ్మ దగ్గరికి మనిషిని పంపి అడిగారు. ఇన్నేళ్ళలో నన్నెవరైనా అడిగారా? మీరిద్దరూ అడిగారా?"

పాప సంచి భుజానికి సర్దుకుని గుమ్మం దాటింది. గేటు గొళ్ళెం పడింది. ఆ చప్పుడును బట్టి కూతురు ఎలా వెళ్ళిందో చెప్పగలదేమోనని మేస్త్రి భార్య వైపు చూశాడు. ఆమె కూడా అదే అడుగుతున్నట్టు అతని వైపు చూస్తోంది.